వంగిన నడుమంతా ఫ్లోరిన్ కాదు: వెన్ను వాతంలో రోగనిరోధక జన్యువుల పాత్ర

నల్లగొండ జిల్లాలో నడుము బిగిసి వంగిపోయిన మనిషి కనిపిస్తే కారణం ఎవరూ అడగరు. ఫ్లోరిన్ నీళ్లని అందరికీ ముందే తెలుసు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఊళ్లల్లో బోరు నీళ్లు తరాల పాటు చేసిన నష్టం అలాంటిది. పాలమూరు వైపు పోతే కారణం మారుతుంది: మట్టి పని, వలస, బరువులు. పుట్టపాక, గట్టుప్పల్‌లో అయితే గుంట మగ్గం. మూడూ నిజమైన కారణాలే. అవి నిజమైనవి కావడం వల్లే వాటి చాటున నాలుగో జబ్బు ఒకటి ఏళ్ల తరబడి పేరు లేకుండా ఉండిపోతోంది. ఇరవై, పాతికేళ్ల వయసులో మెల్లగా మొదలై, తెల్లవారుజామున నడుము పట్టేసి నిద్ర లేపే ఆ జబ్బు పేరు యాంకైలోజింగ్ స్పాండిలైటిస్. దాని మూలం నీళ్లలోనో పనిలోనో లేదు. చాలావరకు రోగనిరోధక వ్యవస్థను నడిపే జన్యువుల్లో ఉంది.

పేరు దగ్గరే ఒక చిక్కుంది. మన దగ్గర ‘స్పాండిలైటిస్’ అంటే మెడనొప్పి అనే అర్థం స్థిరపడింది. యాభై దాటినవాళ్లకు మెడ పూసలు అరిగితే దాన్నే ఈ మాటతో పిలుస్తారు. అది స్పాండిలోసిస్, అరుగుదల. ఇక్కడ చెబుతున్నది దానికి దాదాపు వ్యతిరేకం. స్నాయువులు, లిగమెంట్లు ఎముకకు అతుక్కునే చోట శరీర రక్షణ వ్యవస్థే వాపు పుట్టిస్తుంది. ఆ వాపు చల్లారిన చోట కొత్త ఎముక పెరిగి పూసను పూసకు అతికిస్తుంది. అరుగుదలకు ఇచ్చే సలహా ‘విశ్రాంతి తీసుకో, నడుముకు బెల్టు పెట్టుకో’. ఈ జబ్బులో ఆ సలహానే హాని చేస్తుంది.

నొప్పి తీరును అడిగితే సగం తేడా అక్కడే తెలిసిపోతుంది. నలభై ఏళ్ల లోపు మొదలవడం, ఫలానా రోజు బరువెత్తితే వచ్చిందని చెప్పలేకపోవడం, పడుకుంటే తగ్గకపోవడం, లేచి తిరిగితే సడలడం, రాత్రి రెండో సగంలో నొప్పికి మెలకువ రావడం. ఈ ఐదింటిలో నాలుగు ఉంటే అది వాపు వల్ల వచ్చే నడుము నొప్పి అని అనుమానించాలి. దానికి తోడు పొద్దున్నే అరగంటకు మించి బిగువు, ఒకసారి కుడి పిర్ర, ఇంకోసారి ఎడమ పిర్ర లోతుల్లో నొప్పి. పనికి పోయినవాడికి సాయంత్రం నొప్పి పెరిగితే అది పని నొప్పి. పనిలోకి దిగాక పది గంటలకల్లా నడుము సాగితే అది వేరే సంగతి.

ఫ్లోరోసిస్‌తో పోలికే అసలు ఇబ్బంది. అక్కడా ఎముక పెరుగుతుంది, లిగమెంట్లలో సున్నం పేరుకుంటుంది, వెన్ను కర్రలా బిగుస్తుంది. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే. విడదీసేది ఎక్స్‌రే. ఫ్లోరోసిస్‌లో ఎముకలన్నీ మామూలు కంటే తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి. ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో సున్నం గీతలుగా దిగుతుంది. ఈ గుర్తు యాంకైలోజింగ్ స్పాండిలైటిస్‌లో ఉండదు. అందుకే ఈ జిల్లాలో వెన్ను ఎక్స్‌రేతో పాటు ముంజేతి ఎక్స్‌రే కూడా తీయించడం మంచిది. ఖర్చు స్వల్పం, ప్రయోజనం ఎక్కువ. రెండో తేడా సాక్రోఇలియాక్ కీళ్లలో, అంటే వెన్ను చివర కటి ఎముకతో కలిసే రెండు కీళ్లలో ఉంటుంది. వాపు జబ్బులో వాటి అంచులు ఎలుక కొరికినట్టు తినేసి ఉంటాయి, ఆపైన అతుక్కుపోతాయి. ఫ్లోరోసిస్‌లో చుట్టూ సున్నం పట్టొచ్చు గానీ సాధారణంగా ఆ కొరుకుడు కనిపించదు. తాగిన నీటి చరిత్ర కూడా అడగాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీళ్లు ఏళ్ల తరబడి తాగితేనే ఎముకల దాకా వస్తుంది. కృష్ణా నీళ్లు ఇంటికి వచ్చాక పెరిగిన కుర్రాడి పళ్లకు ఫ్లోరిన్ గార లేకుండా నడుము మాత్రం బిగుస్తుంటే, దాన్ని ఫ్లోరిన్ ఖాతాలో రాసేయడం పొరపాటు. ఒకే మనిషికి రెండూ ఉండకూడదనీ లేదు.

ఆరో క్రోమోజోమ్ మీది జన్యువు

1973లో లండన్‌లో ఒక బృందం, లాస్ ఏంజెలెస్‌లో మరో బృందం విడివిడిగా ఒకే సంగతి కనిపెట్టాయి. లండన్‌లో 75 మంది రోగుల్లో 72 మందికి ఒక తెల్లరక్తకణ గుర్తు ఉంది. జబ్బు లేని 75 మందిలో అది ముగ్గురికే ఉంది. లాస్ ఏంజెలెస్‌లో 40 మంది రోగుల్లో 35 మందికి ఉంది, మామూలు జనంలో 8 శాతానికి ఉంది. అదే ఇప్పుడు హెచ్ఎల్ఏ-బి27 అని పిలుస్తున్నది. సాధారణ జబ్బుల్లో ఒక్క జన్యువుకు ఇంత గట్టి సంబంధం అరుదు. ఈ యాభై ఏళ్లలో ఆ సంబంధం చెక్కు చెదరలేదు. అది ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న కూడా పూర్తిగా తేలలేదు.

హెచ్ఎల్ఏ జన్యువులు ఆరో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద గుంపుగా ఉంటాయి. వాటిలో బి అనే జన్యువు తయారుచేసే ప్రొటీన్ పని చూపించడం. కణం లోపల తయారవుతున్న ప్రొటీన్లను కణమే ముక్కలు చేస్తుంది. ఎనిమిది నుంచి పది అమైనో ఆమ్లాల పొడవున్న ముక్కను ఈ ప్రొటీన్ తన గాడిలో పట్టుకుని కణం పైపొర మీద నిలబెడుతుంది. రక్షణ వ్యవస్థకు కాపలా కాసే టి కణాలు వచ్చి చూసి పోతుంటాయి. ముక్క సొంతదైతే వదిలేస్తాయి, వైరస్‌దైతే ఆ కణాన్ని చంపేస్తాయి. మనుషుల్లో బి జన్యువుకు వేల రకాలున్నాయి. ఒక్కో రకం గాడి ఒక్కో ఆకారం. బి27 గాడి రెండో స్థానంలో ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం ఉన్న ముక్కలనే ఇష్టపడుతుంది.

ఈ ప్రత్యేకత చెడ్డదేం కాదు. హెచ్ఐవీ సోకినవాళ్లలో బి27 ఉన్నవారికి జబ్బు నెమ్మదిగా ముదురుతుంది. హెపటైటిస్ సిని సొంతంగా వదిలించుకునే అవకాశం కూడా వారికి ఎక్కువ. వైరస్ మార్చుకోలేని భాగాన్ని ఈ గాడి పట్టుకుని చూపిస్తుంది. ‘చెడ్డ జన్యువు’ అని రిపోర్టు చూసి కుంగిపోయేవాళ్లకు చెప్పాల్సిన మొదటి మాట ఇది.

మరి వెన్నులో వాపు ఎందుకు? మూడు వివరణలు పోటీ పడుతున్నాయి. మొదటిది, పేగుల్లోని ఏదో సూక్ష్మజీవి ముక్కను చూపించినప్పుడు మేల్కొన్న టి కణాలు, దాన్ని పోలిన సొంత ముక్కను చూసి కూడా దాడి చేస్తాయన్నది. రెండోది, బి27 ప్రొటీన్ సరిగా మడత పడటానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, మడత పడనివి కణం లోపల పేరుకుని ఒత్తిడి పుట్టిస్తాయి, ఆ ఒత్తిడి ఇంటర్‌ల్యూకిన్-23 అనే సంకేత పదార్థాన్ని పెంచుతుంది అన్నది. మూడోది, జత విడిపోయిన బి27 గొలుసులు రెండేసి అతుక్కుని కణం పైకి వచ్చి, టి కణాలతో పాటు సహజ హంతక కణాలను కూడా వేరే గ్రాహకాల (కణం మీద సంకేతాలను అందుకునే ప్రొటీన్ల) ద్వారా రెచ్చగొడతాయన్నది.

మొదటి వివరణకు బలమిచ్చే సాక్ష్యం బి27 ఉపరకాల్లో ఉంది. యూరప్‌లోనూ మన దేశంలోనూ ఎక్కువగా కనిపించే బి27:05 జబ్బుకు దారితీస్తుంది. సార్డీనియా ద్వీపంలో కనిపించే బి27:09కి జబ్బుతో దాదాపు సంబంధం లేదు. ఈ రెండింటికీ తేడా 116వ స్థానంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం. ఆ స్థానం గాడి అడుగున ఉంది, అంటే ఏ ముక్క పడుతుందో నిర్ణయించే చోట. ఆగ్నేయాసియాలోని బి27:06 కూడా ఇలాగే దాదాపు నిరపాయకరం. 2022లో మరో అడుగు పడింది. రోగుల కీళ్లలో, కంటిలో దొరికిన, ఒకే కుటుంబానికి చెందిన టి కణాలు బి27:05 చూపించే సొంత ముక్కలనూ సూక్ష్మజీవుల ముక్కలనూ రెండింటినీ గుర్తిస్తున్నాయని తేలింది. దీంతో మిగిలిన రెండు వివరణలూ తప్పని తేలిపోలేదు. మూడూ వేర్వేరు దశల్లో నిజం కావచ్చు.

పేగుల పాత్రకు ఎలుకలే సాక్ష్యం. 1990లో మనిషి బి27 జన్యువును ఎలుకలకు ఎక్కిస్తే వాటికి కీళ్ల వాపు, పేగు వాపు వచ్చాయి. అవే ఎలుకలను సూక్ష్మజీవులే లేని గదుల్లో పెంచితే ఆ వాపులు రాలేదు. జన్యువు ఒక్కటే చాలదన్న సంగతికి ఇంతకంటే స్పష్టమైన ప్రయోగం లేదు.

బి27 పక్కన ఉన్నవి

అచ్చం ఒకేలాంటి కవలల్లో ఒకరికి జబ్బు ఉంటే రెండోవారికి వచ్చే అవకాశం అరవై శాతానికి పైనే. వేర్వేరు అండాల కవలలైతే, ఇద్దరికీ బి27 ఉన్నా అది పాతిక శాతం దగ్గరే ఆగుతుంది. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే బి27. అయినా ఇంత తేడా ఉందంటే మిగతా జన్యువులు పెద్ద పనే చేస్తున్నాయని అర్థం. వంశపారంపర్య ప్రమాదంలో బి27 వాటా సుమారు ఐదో వంతు అని లెక్క. వందకు పైగా ఇతర జన్యు స్థానాలు ఇప్పటికి దొరికాయి గానీ ఒక్కోదాని ప్రభావం చిన్నది.

వాటిలో రెండు 2007లో బయటపడ్డాయి. ఒకటి ఐదో క్రోమోజోమ్ మీది ఈఆర్ఏపీ1. దీని పని కత్తిరించడం. గాడిలోకి ఎక్కే ముందు ప్రొటీన్ ముక్క పొడవును సరిచేసే కత్తెర ఇది. కత్తెర చురుగ్గా పనిచేసే రకం ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ, మందకొడి రకం ఉన్నవారికి తక్కువ. అసలు విశేషం 2011లో తేలింది. ఈ తేడా బి27 ఉన్నవారిలోనే పనిచేస్తుంది, లేనివారిలో దాదాపు కనిపించదు. అంటే కత్తెర, గాడి ఒకే దారిలో ముందు వెనక నిలబడి ఉన్నాయి. గాడిలో ఏ ముక్క పడుతుందన్నదే ఈ జబ్బు కీలకమని జన్యువులు ఇచ్చిన అతి స్పష్టమైన సూచన ఇదే.

రెండోది ఇంటర్‌ల్యూకిన్-23 గ్రాహకం. ఒకటో క్రోమోజోమ్ మీద ఉంది. ఈ గ్రాహకంలో 381వ స్థానంలో ఒక అమైనో ఆమ్లం మారితే సంకేతం బలహీనపడి, వెన్ను జబ్బు నుంచి, సోరియాసిస్ నుంచి, క్రోన్స్ అనే పేగు జబ్బు నుంచి కొంత రక్షణ దొరుకుతుంది. ఈ మూడు జబ్బులు ఒకే ఇంట్లో, కొన్నిసార్లు ఒకే ఒంట్లో ఎందుకు కనిపిస్తాయో దీంతో అర్థమవుతుంది. చర్మం మీద పొలుసులకు మందు వాడుతున్న మనిషి నడుము నొప్పి చెబితే డాక్టరు రెండింటినీ కలిపి చూడాలి.

పరీక్ష చేయిస్తే ఏం తెలుస్తుంది?

బి27 పరీక్ష జీవితంలో ఒక్కసారి చాలు. పుట్టుకతో వచ్చింది మారదు. పరగడుపున ఇవ్వాల్సిన పనిలేదు, మందులు ఆపక్కర్లేదు. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. పద్ధతులు రెండు. ఫ్లో సైటోమెట్రీ బతికున్న తెల్లకణాల మీది ప్రొటీన్‌ను చూస్తుంది. అందుకు రక్తం తాజాగా ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఒకటి రెండు రోజుల్లో యంత్రం దాకా చేరాలి. నారాయణపేటలోనో దేవరకొండలోనో శనివారం తీసిన రక్తం సోమవారం దాకా కలెక్షన్ సెంటర్‌లో ఉండిపోతే ఫలితం నమ్మదగ్గది కాదు. పైగా ఈ పద్ధతిలో వాడే యాంటీబాడీ, బి7 అనే దగ్గరి బంధువును చూసి కూడా బి27 అని పొరపడగలదు. పీసీఆర్ నేరుగా డీఎన్ఏను చదువుతుంది కాబట్టి ఈ రెండు బాధలూ తక్కువ. రిపోర్టులో ‘బార్డర్‌లైన్’ అని వస్తే పీసీఆర్‌తో తేల్చుకోవాలి. రిపోర్టు మీద పద్ధతి పేరు ఉందో లేదో చూసుకోవడం మరవొద్దు.

ఇక ఫలితానికి అర్థం. ఏ నొప్పీ లేని వెయ్యి మందిని పట్టుకుని పరీక్షిస్తే, లెక్క కోసం యాభై మందికి బి27 ఉందనుకుందాం. బి27 ఉన్నవారిలో ఈ జబ్బు వచ్చేది నూటికి ఒకరిద్దరి నుంచి ఐదుగురి దాకా. అంటే ఆ యాభైలో ఒకరికో ఇద్దరికో. మిగతా నలభై ఎనిమిది మందికి ఆ రిపోర్టు ఇచ్చేది అనవసరమైన భయమే. హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఈ పరీక్షను చేర్చడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు.

అదే పరీక్షను సరైన మనిషికి చేస్తే కథ మారుతుంది. యూరప్ లెక్కల ప్రకారం దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న వందమందిలో ఈ జబ్బున్నవారు ఐదుగురు. పైన చెప్పిన వాపు నొప్పి లక్షణాలు ఉన్నవారినే తీసుకుంటే ఆ ఐదు శాతం పద్నాలుగు అవుతుంది. ఆ మనిషికి బి27 కూడా ఉంటే యాభై తొమ్మిది. ఎంఆర్ఐలో సాక్రోఇలియాక్ కీళ్ల వాపు కనిపిస్తే తొంభై మూడు. ఈ సంఖ్యలు మన జనాభాకు అచ్చంగా అలాగే సరిపోకపోవచ్చు గానీ క్రమం మాత్రం మారదు: ముందు నొప్పి తీరు, ఆ తర్వాతే రక్తం.

బి27 లేకపోయినా జబ్బు ఉండొచ్చు. రోగుల్లో పది నుంచి ఇరవై శాతం మందికి అది ఉండదు. బి40:01 లాంటి ఇతర రకాలకూ కొంత సంబంధం ఉంది. ఆర్ఏ ఫ్యాక్టర్ (రుమటాయిడ్ కీళ్లవాతానికి చేసే రక్త పరీక్ష) నెగెటివ్ వచ్చిందని ‘వాతం లేదు’ అనేయడం మరీ తరచుగా జరిగే తప్పు. ఈ జబ్బులో ఆర్ఏ ఫ్యాక్టర్ సహజంగానే నెగెటివ్. సీఆర్‌పీ (వాపును చూపే రక్త పరీక్ష) కూడా చాలామంది రోగుల్లో మామూలుగానే ఉంటుంది.

ఎంఆర్ఐ దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. నడుము నొప్పి అనగానే లంబార్ స్పైన్ ఎంఆర్ఐ తీయిస్తారు. ‘ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్’ అని వస్తుంది. నొప్పే లేని ముప్పై ఏళ్లవాళ్లలో కూడా అది మామూలే. కానీ కథ అక్కడే ఆగిపోతుంది. అడగాల్సింది రెండు సాక్రోఇలియాక్ కీళ్ల ఎంఆర్ఐ, ఎముకలోని వాపును చూపించే స్టిర్ సీక్వెన్స్ అనే పద్ధతితో. సాధారణంగా కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అవసరం లేదు. వాపు ఒక్క వైపే గట్టిగా ఉండి, జ్వరం, బరువు తగ్గడం తోడైతే క్షయ, బ్రూసెల్లా గుర్తుకు రావాలి. గొర్రెలు, మేకల మధ్య బతికే కుటుంబాలు పాలమూరులో చాలా ఉన్నాయి. కాచని పాలు తాగడం, గొర్రె, మేక ఈనేటప్పుడు పిల్లను చేతులతో తీయడం బ్రూసెల్లా వచ్చే దారులు. అక్కడ కావాల్సింది యాంటీబయాటిక్. రోగనిరోధక శక్తిని తగ్గించే మందు ఇస్తే ప్రమాదం.

జన్యువు చూపిన దారి, మందు నడిచిన దారి

ఇంటర్‌ల్యూకిన్-23 గ్రాహకం పేరు బయటికి రాగానే, దాన్ని అడ్డుకుంటే జబ్బు తగ్గుతుందని అందరూ ఆశించారు. సోరియాసిస్‌లో అద్భుతంగా పనిచేసిన ఉస్టెకినుమాబ్, రిసాంకిజుమాబ్ వెన్ను మీద మాత్రం విఫలమయ్యాయి. దాని తర్వాతి మెట్టు ఇంటర్‌ల్యూకిన్-17ను ఆపే సెకుకినుమాబ్ పనిచేసింది. బహుశా ఇంటర్‌ల్యూకిన్-23 జబ్బును మొదలుపెట్టడానికి అవసరమేమో, నడుస్తున్న జబ్బుకు దాని అవసరం లేదేమో. వెన్ను దగ్గరి కొన్ని కణాలు దాని సాయం లేకుండానే ఇంటర్‌ల్యూకిన్-17ను తయారు చేసుకుంటాయన్నది ఒక వాదన. ఏదేమైనా, జన్యువు పేరు చూసి మందును ఊహించడం ఎంత ప్రమాదమో ఇక్కడ తెలిసింది.

చికిత్స మొదలయ్యేది మాత్రం మామూలు మందులతోనే. నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్ లాంటి వాపు మాత్రలను పూర్తి మోతాదులో రెండు నుంచి నాలుగు వారాలు వాడి చూస్తారు. ఒకటి పని చేయకపోతే ఇంకోటి. బీపీ, క్రియాటినిన్ చూసుకుంటూ వాడాలి. వీటితో రెండు రోజుల్లో నొప్పి బాగా తగ్గడం కూడా జబ్బును పట్టిచ్చే ఒక ఆనవాలే. ఆర్ఎంపీ దగ్గర నెలకోసారి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే వెన్ను జబ్బు ఆగదు, ఎముకలు మాత్రం గుల్లబారతాయి. మెథోట్రెక్సేట్ వెన్నుకు పనిచేయదు. సల్ఫాసలాజిన్ మోకాలు, మడమ లాంటి బయటి కీళ్లకే.

అవి చాలకపోతే, వాపును పెంచే సంకేత పదార్థమైన టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులు. అడాలిముమాబ్ అయితే రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములు. 2014 చివర్లో దేశీయ బయోసిమిలర్ (అసలు మందును పోలిన తయారీ) వచ్చాక దాని ధర దిగింది. ఈ మందు వేసే ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ లేదా ఇగ్రా (నిద్రాణ క్షయను పట్టే పరీక్షలు), హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షలు తప్పనిసరి. టీఎన్ఎఫ్ ఒంట్లో నిద్రపోతున్న క్షయ క్రిములను గోడ కట్టి ఉంచే పదార్థం. ఆ గోడ తీస్తే క్షయ లేస్తుంది. నిద్రాణ క్షయ ఉంటే నివారణ మందు కనీసం నెల రోజులు వాడాకే ఇంజెక్షన్ మొదలుపెడతారు. కంటి వాపు పదే పదే వచ్చేవారికి అడాలిముమాబ్ వైపు మొగ్గాలి, పేగు వాపు ఉన్నవారికి ఇంటర్‌ల్యూకిన్-17 మందులు వద్దు. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో దీనికోసం రుమటాలజీ విభాగం ఉంది. ఎముకల డాక్టరు దగ్గర ఆగిపోకుండా అక్కడిదాకా వెళ్లడం అవసరం.

మందు ఏదైనా వ్యాయామం లేకుండా వెన్ను నిలవదు. రోజూ పావుగంట బోర్లా పడుకోవడం, పలుచని దిండు, గట్టి పడక, ఊపిరి నిండా తీసుకునే వ్యాయామం. బీడీ, చుట్ట, సిగరెట్ పూసలు అతుక్కునే వేగాన్ని పెంచుతాయి. అతుక్కున్న వెన్ను పైకి గట్టిగా కనిపించినా లోపల పెళుసు. బండి మీద నుంచి చిన్నగా జారి పడ్డా విరగగలదు. కటింగ్ షాపులో మెడను పట్టి టక్కుమనిపించుకోవడం, నాటు వైద్యుడితో నడుము తొక్కించుకోవడం వీళ్లకు ప్రాణాంతకం. పడ్డ తర్వాత కొత్త నొప్పి మొదలైతే ఎక్స్‌రే మామూలుగా ఉన్నా సీటీ తీయించాలి.

ఇంట్లో మిగతావాళ్ల సంగతి

తల్లికో తండ్రికో బి27 ఒక కాపీ ఉంటే ప్రతి బిడ్డకూ అది అందే అవకాశం సగం. ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా సమానమే. ఆడవాళ్లకు ఈ జబ్బు రాదన్నది అపోహ. వాళ్లలో పూసలు అతుక్కోవడం నెమ్మది కాబట్టి ఎక్స్‌రేలో ఆలస్యంగా కనిపిస్తుంది, కాన్పు తర్వాతి నడుము నొప్పి అని కొట్టేస్తారు.

మేనరికం గురించి తప్పకుండా అడుగుతారు. ఈ జన్యువు ఒక్క కాపీ ఉన్నా ప్రమాదం తెస్తుంది కాబట్టి, బయటి సంబంధం చేసుకున్నా బిడ్డకు అందే అవకాశం ఉంటుంది. మేనమామనో మేనబావనో చేసుకున్నప్పుడు తేడా ఏమిటంటే, ఒకే తాతది రెండు వైపుల నుంచీ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇద్దరికీ ఒక్కో కాపీ ఉంటే బిడ్డల్లో నలుగురిలో ముగ్గురికి కనీసం ఒకటి, ఒకరికి రెండూ వస్తాయని సగటు లెక్క.

జబ్బున్నవారి అన్నదమ్ములకు, పిల్లలకు బి27 ఉంటే ప్రమాదం నూటికి పది నుంచి ఇరవై దాకా పెరుగుతుంది. అయినా లక్షణాలు లేని పిల్లలకు పరీక్ష చేయించడం వద్దు. ఫలితం ఏదైనా ఆ రోజు చేసే చికిత్స ఏమీ లేదు. దానికి బదులు కనిపెట్టాల్సినవి కొన్ని ఉన్నాయి: పదిహేనేళ్లు దాటిన పిల్లాడికి దెబ్బ తగలకుండా మోకాలో మడమో వాయడం, పొద్దున లేవగానే మడమ నేలకు ఆనించలేకపోవడం, మూడు నెలలు దాటిన నడుము బిగువు. ఒక్క కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, నొప్పి పెడితే అది కండ్లకలక కాదు. కండ్లకలకలో పుసి ఉంటుంది, సాధారణంగా రెండు కళ్లకూ పాకుతుంది, చూపు మసకబారదు. ఈ కన్నును మందుల షాపు చుక్కలతో సరిపెట్టకుండా అదే రోజు కంటి డాక్టరుకు చూపించి, ఇంట్లో వెన్ను జబ్బు ఉందని కూడా ఆ డాక్టరుకు చెప్పాలి.